కర్రి ఒక్కపొద్దు

పెరటాసి నెల వచ్చిందంటే దామలచెరువు చుట్టుపక్కల పల్లెల్లో కోడిపుంజులు రాజాల్లాగా తిరుగుతాయి. వాటి జోలికి ఎవరూ పోరు. నెల పొడుగునా ఇళ్ళలో నీసు వండరు. శనివారాలు ఒక్కపొద్దు, అంటే పగలంతా పస్తుండి సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారే తినడం. మూడో శనివారానికి కాలినడకన తిరుపతి కొండకు పోయి స్వామిని చూసుకుని రావడం. కొత్తకండ్రిగలో ఆ నడకకు పెద్ద మునెయ్య. రెండెకరాల మామిడితోట, అరవై దాటిన వయసు, నుదుట నిలువు నామం, ముక్కు మీద కోపం, ఇవీ ఆయన ఆస్తులు. వాళ్ళ నాయన ఊదిన శంఖం ఇప్పుడు ఈయన చేతిలో ఉంది. ఈయన శంఖం ఊదితేనే ఊరి జనం అడుగు కదిలిస్తారు.

ఆ నడకలో మునెయ్యకంటే పేరున్న మనిషి లేడు గానీ, పేరున్న కుక్క ఒకటి ఉంది. దాని పేరు కర్రి. ఒళ్ళంతా నలుపు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మూతి చుట్టూ, కళ్ళ మీదా తెల్లబడిపోయింది. ఎప్పుడో ఒక పెరటాసిలో కొండ దిగి వస్తుంటే శ్రీనివాసమంగాపురం దగ్గర మునెయ్య కాళ్ళ వెంటపడి వచ్చిన కూన అది. మరుసటేడు శంఖం ఊదగానే జనానికి ముందు అదే బయల్దేరింది. మెట్ల దాకా నడిచి, అక్కడ టెంకాయలమ్మే ఆమె పక్కన పడుకుని, వీళ్ళు దిగి వచ్చాక మళ్ళీ ముందు నడిచి ఇంటికి చేరింది. అప్పట్నుంచి ఒక్క ఏడు తప్పలేదు.

ఇది చాలదన్నట్టు ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. కర్రి శనివారాలు ఒక్కపొద్దు ఉంటుందట. నిజం చెప్పాలంటే, శనివారం మునెయ్య ఇంట్లో పొయ్యి వెలిగేదే సాయంత్రం. మునెయ్య, ఆయన భార్య చెంగమ్మ తిన్నాకే దానికి ఇంత సంగటి పడేది. పాపం అది అంతదాకా వాకిట్లో కూర్చుని కాచుకునేది. పొయ్యి వెలగని ఇంట్లో కుక్క పస్తుండక ఏం చేస్తుంది? కానీ ఇంత చిన్న సంగతి ఆలోచించడానికి ఊరికి తీరిక ఉండదు, పెద్ద సంగతి నమ్మడానికి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. సెల్‌ఫోన్ల అంగడి గురప్ప ఒక శనివారం కర్రి ముందు సంగటి ముద్ద పెట్టి, అది ముట్టకపోవడం వీడియో తీసి అందరికీ పంపాడు. ఆ ముద్ద పొగలు కక్కుతూ ఉండిందని వీడియోలో తెలియదు. పాకాల నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి దాని నుదుటన కుంకుమ పెట్టిపోయారు. మునెయ్య పైకి విసుక్కున్నాడు. లోపల మాత్రం ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. తన ఇంటి కుక్కకు కూడా స్వామి మీద అంత గురి ఉందంటే ఎవరికి మాత్రం చేదు?

ఈ ఏడు పెరటాసి మొదటి శనివారం కర్రి సాయంత్రం కూడా తినలేదు. చెంగమ్మ సంగటిలో పప్పుచారు పోసి పెడితే వాసన చూసి, తల తిప్పుకుని, పోయి దేవుడి గది ముందర బండల మీద పడుకుంది. ఆదివారం పొద్దున రెండు ముద్దలు తిన్నట్టు చేసి వదిలేసింది. సోమవారం అదీ లేదు.

"నెలంతా పట్టినట్టుండాది మేయ్ ఇది," అన్నాడు మునెయ్య భార్యతో. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు.

"పట్టేదేంది? నీసు లేదని అలిగింది," అంది చెంగమ్మ. "నెల పోతే అదే తింటుంది."

మునెయ్యకు ఆ మాట నచ్చలేదు. కర్రి అలిగే రకం కాదు.

ఆ తర్వాత ఏం జరిగినా ఆయన కంటికి అన్నీ ఒకే రంగులో కనిపించాయి. కర్రి నీళ్ళు తెగ తాగుతోంది. వాకిట్లో పెట్టిన తొట్టి పొద్దున నింపితే మధ్యాహ్నానికి అడుగంటుతోంది. ఒక్కపొద్దున్నవాళ్ళు నీళ్ళు తాగకుండా ఎట్లా ఉంటారు అనుకున్నాడు. ఎండ తగలని బండల మీద, సరిగ్గా దేవుడి గది గడపకు మూతి ఆనించి గంటలు గంటలు పడుకుంటోంది. దర్శనం చేసుకుంటోంది అనుకున్నాడు. పడుకున్న చోటునుంచి లేవకుండానే తోక కింద అదేపనిగా నాక్కుంటోంది. శుద్ధి అనుకున్నాడు. రెండుసార్లు పసుపుపచ్చ నీళ్ళు కక్కింది. కడుపు కడుక్కుంటోంది అనుకున్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారే, భక్తి కమ్మినవాడికి కూడా అంతే. ఒక్కటి మాత్రం ఆయన లెక్కకు అందలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఇంట్లో తడి చేయని కుక్క ఒకరోజు నడవాలోనే ఒంటికి పోసింది. చెంగమ్మ పెరటాసి నెలలో ఇదేం ఖర్మ అని తిట్టుకుంటూ పసుపునీళ్ళు చల్లింది. ముసలితనం అనుకుని సరిపెట్టుకున్నాడు.

రెండో శనివారానికి దాని పొట్ట కింద బరువుగా సాగింది. వెన్నెముక మాత్రం చేతికి గుచ్చుకుంటోంది. గురప్ప చూసి నవ్వాడు.

"ఏమప్పా మునెయ్యా, ముసిలామె ఈ వయసులో కడుపుతో ఉందేంది?"

"నోరు ముయ్యి గురప్పా. అది వట్టి నీళ్ళ పొట్ట," అన్నాడు మునెయ్య. కానీ ఆ రోజు కర్రి వీపు నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు. ముక్కు ఎండి గరుకుగా ఉంది. ఈ ఏడు నడిపించాలి, వచ్చే ఏడు సంగతి స్వామికి ఎరుక అనుకున్నాడు. దానితో కలిసి నడిచేది ఇదే ఆఖరుసారేమో అని ఆయనకు లోలోపల భయంగా ఉంది. భయం ఉన్నచోట మనిషి కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంటాడు.

గోడ అవతలి ఇల్లు కృపామణిది. బట్టలు కుడుతుంది, ఆదివారం చర్చికి పోతుంది, పెరటాసి అయినా ఇంకో నెల అయినా ఆమె ఇంట్లో ఆదివారం కోడికూర వాసన వస్తుంది. మునెయ్యతో ఎప్పుడూ ఒక మాట పట్టింపు లేదు, అన్నా అని పిలుస్తుంది. నడక శుక్రవారం అనగా గురువారం సాయంత్రం, మునెయ్య పసుపు గుడ్డలు ఆరేస్తుంటే ఆమె గోడ దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఒక మాట చెప్తే కోప్పడొద్దు. కర్రి మా గోలెం కాడికొచ్చి తాగి పోతా ఉండాది. రోజూ. మీ తొట్టి కాళీ అయినాక ఈడికొస్తాది."

"ఒక్కపొద్దుండేది కదమ్మా, దప్పి."

"ఒక్కపొద్దు కాదన్నా అది. మా పాత కుక్క జూలీ ఇట్లే చేసింది. తినేది మానేసింది, నీళ్ళు మాత్రం తాగతానే ఉండింది, పొట్ట జారింది. లోపల చీము పట్టిందని డాక్టరు చెప్పేసరికి దాని పనైపోయింది. నువ్వు రేపు దాన్ని నడిపిస్తే దోవలోనే పడిపోతాది. ఆస్పత్రికి తీసుకుపోన్నా."

మునెయ్యకు చర్రున ఎక్కింది. "పెరటాసి సంగతి నీకేం తెలుసు కృపమ్మా? మీరు నమ్మేది వేరే, మేము నమ్మేది వేరే. దానికి తెలిసినంత కూడా నీకు తెలీదు."

కృపామణి ముఖం చిన్నబోయింది. కానీ వెంటనే పోలేదు. "నేను దేవుణ్ణి గురించి చెప్పలేదన్నా, నీళ్ళ గురించి చెప్తా ఉండా," అని, లోపలికి పోయి మిషను తొక్కడం మొదలుపెట్టింది. చెంగమ్మ అంతా వింది. "ఆ మాట అనుండకూడదు నువ్వు," అంది. మునెయ్య పసుపు గుడ్డ మళ్ళీ దులిపి ఆరేశాడు.

శుక్రవారం తెల్లవారుతూనే శంఖం మోగింది. జనం గోవిందా అంటూ బయల్దేరారు. కర్రి లేచింది. లేవడానికి రెండుసార్లు ప్రయత్నం చేసింది గానీ, లేచింది. నుదుట నామం పెట్టించుకుంది. మొదటి ఊరు దాకా జనం ముందు నడిచింది. తర్వాత జనం మధ్యలోకి వచ్చింది. పనపాకం వచ్చేసరికి జనం వెనక పడింది. మునెయ్య మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. అది నోరు తెరిచి రొప్పుతోంది. కనిపించిన ప్రతి కుళాయి దగ్గరా, ప్రతి గుంట దగ్గరా ఆగి తాగుతోంది. నీళ్ళ గురించి చెప్తా ఉండా అన్న కృపామణి మాట చెవిలో జోరీగలాగా తిరిగింది. ఆయన ఇంకా గట్టిగా గోవింద కొట్టాడు.

పనపాకం దాటి కొంతదూరం పోయాక, రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో కర్రి కూర్చుంది. కూర్చున్నది పడుకుంది. పడుకున్నది ఇంక లేవలేదు.

జనం చుట్టూ మూగారు. గురప్ప తలపాగా తీసి చేతులు జోడించాడు. "దాని అదృష్టం చూడప్పా మునెయ్యా. మూడో శనివారం ముందు దినం, స్వామి దోవలో, గోవింద వినుకుంటా పోతా ఉండాది. మనుషులకు కూడా రాదు ఇట్లాంటి చావు." ఒక ముసలామె నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుంది. ఎవరో చెంబులో నీళ్ళు పోసి రెండు తులసాకులు వేసి మునెయ్య చేతికి ఇచ్చారు. నోట్లో పోసి దండం పెట్టి ముందుకు పోదాం, పొద్దు వాలేలోగా మంగాపురం చేరాలి, అన్నారు. ఎవరిలోనూ చెడ్డతనం లేదు. అందరూ మనస్ఫూర్తిగా ఆ కుక్కను చూసి అసూయపడుతున్నారు.

మునెయ్యకు కూడా ఒక్క క్షణం అట్లానే అనిపించింది. ఇంతకంటే మంచి చావు ఇంకేం ఉంటుంది అనుకున్నాడు. కూర్చుని దాని దవడ పట్టి తులసి నీళ్ళు పోశాడు. అవి మింగుడు పడక పక్కనుంచి కారిపోయాయి. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. సరే, అని లేచి నిలబడ్డాడు. జనం సంచులు భుజాన వేసుకుని కదిలారు.

వాళ్ళు కదలడం చూసి కర్రి ముందుకాళ్ళు ఊనింది. తల ఎత్తింది. వెనకకాళ్ళు రాలేదు. పడింది. మళ్ళీ ఊనింది. జనం వంకే చూస్తూ, రోడ్డు మీద గోళ్ళు గీరుకుంటూ, ఒక జానెడు ముందుకు ఈడ్చుకుంది.

మునెయ్య "ఆగండప్పా," అన్నాడు. "ఇది పోవాలని చూడ్డం లేదు. మనతో రావాలని చూస్తా ఉండాది."

"అదే కదా భక్తి," అన్నాడు గురప్ప.

"భక్తి కాదు, నా బొంద. బతకాలని ఉండాది దానికి." మునెయ్య మెడలోంచి శంఖం తీసి గురప్ప చేతిలో పెట్టాడు. "నువ్వు నడిపించు."

"మునెయ్యా, మొక్కుబడి..."

"స్వామికి నేను చెప్పుకుంటా. మీరు పోండి."

గురప్ప ఊదిన శంఖం సరిగా పలకలేదు. అయినా జనం నడిచారు. మునెయ్య రోడ్డు పక్కన కర్రి తలను ఒళ్ళో పెట్టుకుని ఫోను తీశాడు. ఇంటికి చేయలేదు. కృపామణికి చేశాడు.  అవతలినుంచి ఆమే అడిగింది, కర్రి పడిపోయిందా అన్నా అని.

"పడిపోయింది తల్లీ. ఆ డాక్టరు యాడుంటారో చెప్పు."

"తిరపతిలో పశువుల కాలేజీ ఆస్పత్రికి పో. ఆటో పట్టుకో, నిలబడొద్దు. నోట్లో బలవంతంగా ఏమీ పోయొద్దు. నేను బస్సులో వస్తా ఉండా."

తిరుపతి ఆస్పత్రిలో డాక్టరమ్మ పేరు ప్రసన్నకుమారి. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు. కర్రిని బల్ల మీద పడుకోబెట్టి చిగుళ్ళు నొక్కి చూసింది, జ్వరం చూసింది, పొట్ట మీద మెల్లగా చేయి పెట్టింది. అడగడం మొదలుపెట్టింది.

"తినేది ఎప్పుడు మానేసింది?"

"పెరటాసి మొదటి శనివారం."

"నీళ్ళు ఎక్కువ తాగిందా?"

"తొట్టి నింపితే మధ్యాహ్నానికి అయిపోయేది. పక్కింటి గోలెం కాడికి కూడా పోయేది."

"ఒంటికి ఎక్కువసార్లు పోసేదా?"

"నడవాలో కూడా పోసింది. ఎప్పుడూ అట్లా చేయలేదు."

"వాంతులు?"

"రెండుసార్లు. పసుపునీళ్ళు."

"చల్లని నేల వెతుక్కుని పడుకునేదా? తోక కింద నాక్కునేదా?"

"దేవుడి గది ముందర బండల మీద పడుకునేది. నాక్కుంటానే ఉండేది."

"పోయినసారి ఎదకొచ్చింది ఎప్పుడు?"

"ఆడికృత్తిక ముందర. రెండు నెలలైంటాది."

ఆమె రాస్తున్నది ఆపి తల ఎత్తింది. "పెద్దాయనా, ఒక్కటి వదలకుండా చెప్పినారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇంత బాగా గమనించేవాళ్ళు తక్కువ. మరి ఇన్ని దినాలు ఎందుకు తీసుకురాలేదు?"

ఆమె తప్పుపట్టడానికి అడగలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. మునెయ్యకు భూమి చీలితే బాగుండుననిపించింది. తాను చూడలేదా? అన్నీ చూశాడు. ఇంకెవ్వరూ చూడనంత ముచ్చటగా చూశాడు. పక్క ఊళ్ళవాళ్ళకు చెప్పుకున్నాడు. ఆ నామం పెట్టుకున్న ముఖాన్ని కర్రి వైపు తిప్పలేకపోయాడు.

"ఒక్కపొద్దు అనుకున్నానమ్మా," అన్నాడు చివరికి.

డాక్టరమ్మ నవ్వలేదు. పొట్టకు స్కానింగ్ చేసి చూపించింది. గర్భసంచి నిండా చీము. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు, ముసలితనంలో, ఎదకొచ్చిన రెండు నెలలకు ఇట్లా వస్తుంటుందని చెప్పింది. ఆ విషం ఒళ్ళంతా పాకడం వల్లే అంత దాహం, అందుకే ఆకలి చచ్చిపోయింది. సంచి తీసేయాలి. ఈ వయసులో, ఈ స్థితిలో మత్తు తట్టుకుంటుందని మాట ఇవ్వలేను అంది. రాత్రికి సెలైన్ ఎక్కించి పొద్దున ఆపరేషన్ చేద్దామంది. మునెయ్య సరే అన్నాడు.

కృపామణి రెండు పాత దుప్పట్లు, ఒక ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. మునెయ్య లేచి నిలబడ్డాడు. "నిన్న నేనన్న మాట..."

"ఇప్పుడదంతా ఎందుకన్నా. దాని కింద దుప్పటి పరుద్దాం పట్టు," అంది ఆమె.

శనివారం పొద్దున కర్రిని లోపలికి తీసుకుపోయారు. ఆస్పత్రి ఆవరణలో నిలబడితే కొండ ఎదురుగా కనబడుతుంది. ఈ పాటికి కొత్తకండ్రిగ జనం మెట్లెక్కుతుంటారు. మునెయ్య కొండవైపు చూసి చేతులు జోడించాడు గానీ, ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. ఎన్నో ఏళ్ళుగా దానంతట అదే నోటికి వచ్చే గోవిందనామం ఆ రోజు రాలేదు. స్వామీ, నీ పేరు పెట్టి నేను నా కుక్కను పస్తుపెట్టినాను అని మాత్రం అనుకున్నాడు. ఏడుపు వచ్చింది. పక్కన ఆవును పట్టుకొచ్చిన రైతు ఒకాయన చూసి, మీ ఆవుకేమైందప్పా అని అడిగాడు.

కర్రి బతికింది. మత్తులోంచి లేచి కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ బయటికి వచ్చి గండం సగమే గడిచింది అంది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, అవి కోలుకోవాలంటే ఒంట్లోకి తిండి పోవాలి. "ఉప్పు కారం లేకుండా కోడిమాంసం మెత్తగా ఉడికించి పెట్టండి. ముసలి కుక్క, ఆకలి చచ్చిపోయింది. వాసన తగిలితేనే నోరు తెరుస్తుంది. గుడ్డు పెట్టినా సరే."

మునెయ్య తల ఊపాడు. పెరటాసి అని చెప్పలేదు.

బుధవారం ఇంటికి తీసుకొచ్చారు. చెంగమ్మ పాలు పెట్టింది. పెరుగన్నం పిసికి పెట్టింది. రాగిగంజి, ఇడ్లీ, బన్ను, ఆఖరుకు నెయ్యి రాసిన అప్పచ్చి కూడా పెట్టింది. కర్రి ప్రతిదానికీ ముక్కు ఆనించి, క్షమించమన్నట్టు తోక రవంత కదిలించి, తల వాల్చేసింది. గురువారం అంతే. శుక్రవారం అంతే.

"కోడి తెస్తా మేయ్," అన్నాడు మునెయ్య.

"నాకు దాని మీద ప్రేమ లేదనుకున్నావా? కానీ మా అత్త కాలం నుంచి పెరటాసిలో ఈ గడప దాటి నీసు రాలేదయ్యా. నా చేత్తో నేను రానీను. నెల పోయేదానికి ఇంకెన్ని దినాలుండాది? పోతానే పెడదాం." చెంగమ్మ కళ్ళు కూడా నీళ్ళతో నిండి ఉన్నాయి. పాపం ఇంటికి తగులుతుందని ఆమె భయం.

శనివారం పొద్దున మునెయ్య తలకు పోసుకుని, నామం పెట్టుకుని, డాక్టరమ్మకు ఫోను చేశాడు. నెలాఖరు దాకా ఆగవచ్చా అని అడిగాడు. 

"పెద్దాయనా, నెలాఖరు దాకా అది ఉండదు. ఈ పొద్దు తినకపోతే రేపు మీరు తీసుకొచ్చినా నేను చేసేది ఏమీ లేదు."

గోడ మీదనుంచి కృపామణి వింది. "నేను వండి తెస్తానన్నా. నువ్వు ముట్టుకోబళ్ళే. మా ఇంట్లో ఈ నెలా ఆ నెలా అని లేదు కదా."

ఎంత సులువైన దారి. మునెయ్య దాన్ని తీసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, ఎవరూ ఒక మాట అనేవాళ్ళు కాదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వొద్దమ్మా. దాని నోరు కట్టింది నేను. నేనే విప్పాల."

పాత సత్తు గిన్నె ఒకటి సైకిలుకు తగిలించుకుని దామలచెరువు పోయాడు. పెరటాసి శనివారం కోళ్ళ అంగడి ముందు ఈగ కూడా లేదు. అంగడాయన స్టూలు మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నిలువు నామం, మెడలో తులసి పూసలు, చేతిలో గిన్నె. పెరటాసి శనివారాలు నామం పెట్టుకుని చెంబు పట్టుకుని గోవిందా అని ఇంటింటా భిక్షకు పోవడం మామూలే. ఆయన దిగ్గున లేచి, చెప్పులు విడిచి, "నా అంగడికి కూడా వచ్చినారా సామీ," అని లోపలినుంచి దోసెడు బియ్యం తెచ్చి గిన్నెలో పోసి దండం పెట్టాడు.

మునెయ్య గిన్నె వంక చూశాడు, ఆయన వంక చూశాడు. "భిక్షకు రాలేదు నాయనా. అరకిలో కోడి కొట్టియ్యి. మెత్తటిది."

అంగడాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. "ఎవరికి సామీ?"

"మా ఇంట్లో ముసిలామె. జబ్బు మనిషి."

ఇంకేమీ అడగకుండా కొట్టి ఇచ్చాడు. బియ్యాన్ని మునెయ్య కండువా కొంగున మూటగట్టుకున్నాడు, వేసిన భిక్ష తిరిగి ఇవ్వకూడదు కాబట్టి.

ఇంటి వెనక, కానుగచెట్టు కింద, మూడు రాళ్ళు పెట్టి పుల్లలు రాజేశాడు. ఈయన పెళ్ళయ్యాక పొయ్యి ముట్టించింది లేదు. పొగకు కళ్ళు మండాయి. నీళ్ళు ఎక్కువయ్యాయి. అయినా ఉడికింది. వాసన వీధి దాకా పోయింది. పెరటాసి నాలుగో శనివారం, పట్టపగలు, మునెయ్య ఇంట్లోంచి కోడి వాసన.

సాయంత్రం జరిగే భజనకు పిలుద్దామని అప్పుడే వచ్చిన గురప్ప ఆ వాసన పట్టుకునే పెరట్లోకి వచ్చాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు. "ఏంది మునెయ్యా ఇది? నామం పెట్టుకుని, పూసలు ఏసుకుని... రేపట్నుంచి నువ్వు శంఖం పట్టుకుంటే జనం ఊరుకుంటారా?"

"ఊరుకోకపోతే నువ్వే ఊదు," అన్నాడు మునెయ్య తల తిప్పకుండా. "రొంత నేర్చుకో కానీ. నీది ఇంకా పలకడం లేదు."

కర్రి దుప్పటి మీద పక్కకు వాలి ఉంది. మునెయ్య ఒక ముక్క ఊది చల్లార్చి ముక్కు దగ్గర పెట్టాడు. కర్రి వాసన చూసింది. తల తిప్పుకుంది. ఆయన వేలు కోడి ఉడికిన నీళ్ళలో ముంచి దాని పెదవికి రాశాడు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత నాలుక బయటికి వచ్చి పెదవి నాకింది. వేలు నాకింది. మళ్ళీ ముంచి మళ్ళీ రాశాడు.

వెనకనుంచి గాజుల చప్పుడయింది. చెంగమ్మ పెరటి తలుపు దగ్గర ఎంతసేపట్నుంచి నిలబడి ఉందో తెలియదు.

"ఎముకలు ఏరినావా?" అంది.

"ఏరినా అనుకుంటా."

"అనుకునేదేంది. గొంతులో పడితే?" ఆమె చీరకుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని వచ్చి ఆయన పక్కన గొంతుక్కూర్చుంది. గిన్నెలో చేయి పెట్టి ముక్కలన్నీ వేళ్ళతో చిదిమి, సన్నటి ఎముకలు రెండు తీసి పారేసింది. "తలకు పోసుకున్నాకే దీపం పెడతాలే," అంది ఎవరూ అడక్కుండానే. చిదిమిన మాంసం ఇంత చిన్న ముద్ద చేసి భర్త అరచేతిలో పెట్టింది.

కర్రి ఆ ముద్ద తినింది. పళ్ళు లేనట్టు మెల్లగా, మధ్యలో ఆగి ఆగి, కానీ మింగింది. రెండోది కూడా తినింది.

గురప్ప అంతా చూస్తూనే ఉన్నాడు. గొంతు తగ్గించి, బాధగానే అన్నాడు. "అయినా నీ ఒక్కపొద్దు చెడిపోయిందే మునెయ్యా."

"యాడ చెడింది గురప్పా? పొద్దుట్నుంచి పచ్చి గంగ ముట్టలేదు నేను. ఈ వాసనకు నా పేగులు అరస్తా ఉండాయి. ఆకలైనోడు తినకుండా ఉంటే కదప్పా ఒక్కపొద్దు. దానికి ఆకలి యాడుండింది? ఆకలి చచ్చిపోతే దండం పెట్టినాము మనం."

గురప్ప కానుగచెట్టు మొదట్లో, కాస్త దూరంగా, కూర్చున్నాడు.

మునెయ్య చేతిలో మూడో ముద్ద అయిపోయింది. కర్రి ఆయన అరచేయి నాకింది, వేళ్ళ సందులు నాకింది. ఇంకేమీ దొరకక తల ఎత్తి గిన్నె వైపు చూసి, ఒక్కసారి చిన్నగా మొరిగింది.

"అడుగుతా ఉండాది మేయ్," అన్నాడు మునెయ్య. "కూడు అడుగుతా ఉండాది." పొగ ఎప్పుడో అణిగిపోయింది గానీ ఆయన కళ్ళలో నీళ్ళు ఆగలేదు. చెంగమ్మ గిన్నెలో ఇంకో ముద్ద చిదుముతూ, ఏడ్చేది తర్వాత ఏడుద్దువు, ముందు చెయ్యి చాపు అంది.